ప్రధానపుటుంగరము: దాని వెలకు మేర యెంత?

(వార్షిక మహాసభయందు గావింపఁబడిన ఉపన్యాసము)



ఈ వేదికపై విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, మన పంచవృత్తుల పునరుద్ధరణమును గూర్చియు ఘనులగు వక్తలు ప్రసంగించియున్నారు. వారి తరువాత నే నొక యుంగరమును గూర్చి మాటలాడ నిలుచుట కొందఱికి హాస్యాస్పదముగాఁ దోఁపవచ్చును. అంతియకాదు, స్వర్ణకారవృత్తిలో జీవించు నేను ఉంగరమునకు మితముగా వెచ్చింపుఁడని చెప్పుట నా కుంపటిపై నేనే నీళ్లు చల్లుకొనుట యని యొక మిత్రుఁడు నన్ను హెచ్చరించెను. అయినను ఈ విషయమును మన సంఘము విచారింపక తప్పదని నా నమ్మకము. ఏలయన, ఇతరులు ఉంగరమును వ్రేలియందు మాత్రమే చూతురు. మనము దానిని తక్కెడలోఁ జూతుము, కుంపటిలోఁ జూతుము, మరల కుదువకు వచ్చినప్పుడును జూతుము.

నా యనుభవములోని యొక విషయమును ముందుగా మనవి చేసెదను. చాలకాలము క్రిందట నొక తండ్రి మా యంగడికి వచ్చెను. కూఁతునకు సంబంధము కుదిరినది. వరుని తరఫువారు కట్నము మాట యెత్తలేదని ఆతఁడు మిగుల సంతసించుచుండెను. కాని తాంబూలములకు మూఁడు దినములు ముందుగా, "మాకేమియు వలదు గాని, నలుగురిలోఁ బెట్టు ఉంగరము మాత్రము తులమునకుఁ దక్కువ గాకుండఁ జూడుఁడు" అని వారియొద్దనుండి కబురు వచ్చినదఁట. ఆ తండ్రి పైగుడ్డ ముడి విప్పి యొక పాత గొలుసును నా తక్కెడలో నుంచెను. అది ఆతని భార్య మెడలోనిది. నేను గీటురాయిపై గీసి చూచి, కరఁగించి తూచి, తులమునకుఁ జాలదని చెప్పితిని. తక్కువైనదానికి ఆతఁడు అప్పు చేసి తెచ్చెను. నేను ఉంగరము చేసితిని, మజూరియుఁ బుచ్చుకొంటిని. ఏఁడాది తిరుగకమునుపే అల్లుఁడు ఆ యుంగరమునే కుదువపెట్టుటకుఁ దెచ్చెను. నా చేతిపని నేను గుర్తింపకుందునా? అత్తగారి మెడ బోసిపోయినది. మామగారి యప్పు తీరలేదు. అల్లుని వ్రేలికి ఉంగరమును లేదు. నాఁడు ఆ తండ్రితో నేనొక మాట చెప్పియుండవలసినది. చెప్పలేదు. ఆ మౌనమునకుఁ బ్రాయశ్చిత్తముగా నేఁ డీ ప్రసంగము చేయుచున్నాను.

ఇంతకును ఈ యుంగరము మన యాచారములో నెంతటిది? ప్రధానపుటుంగరమను మాట మన భాషకుఁ గ్రొత్త గాదు. కాని మన పెద్దలలో పెక్కుమంది యిండ్ల సంబంధము స్థిరపడినది తాంబూలములతోనే. ఇరువైపుల పెద్దలు కూర్చుండి, లగ్నపత్రిక వ్రాసికొని, ఆకువక్కలు మార్చుకొన్నచో మాట ముడిపడినట్లే. ఆ మాటను తప్పుటకంటె ప్రాణము విడుచుట మేలని తలఁచినవారు గలరు. నేఁడు వధూవరులు ఒకరికొకరు ఉంగరములు తొడుగుట వేడుకలో ముఖ్యఘట్టమైనది. ఇది తప్పని నే ననను. ఇరువురును సమానముగా నిచ్చి పుచ్చుకొనుట చూచుటకు ముచ్చటగనే యున్నది. ఆచారములు మాఱుచునే యుండును. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1897లో అచ్చైన కాలమునఁ గొన్ని కులములలో వధువునకు వెల యిచ్చి కొనిపోవు దురాచారము ప్రబలియుండెను. ఆ ధనప్రవాహము తరువాత దిక్కు మార్చుకొని వరకట్నమైనది. కావున 'ఇది మన యాచారము' అను మాటతో ఏ వ్యయమును సమర్థింపఁజాలము. ఆ వ్యయము నెవరు భరించుచున్నారు, ఎట్లు భరించుచున్నారు అని యడుగవలయును.

మన పురాణకావ్యములలో ఉంగరమునకు గొప్ప స్థానము గలదు. శ్రీరామచంద్రుఁడు హనుమంతుని చేతికిచ్చి సీతమ్మకుఁ బంపిన యంగుళీయకమును వాల్మీకి స్వనామాంకితమని చెప్పెనే కాని, దాని తూనిక చెప్పలేదు. అశోకవనములో ఆ తల్లికి ఊఱట కలిగించినది బంగారము గాదు, దానిపై నున్న పేరు. కాళిదాసు శాకుంతలములో దుష్యంతుని యుంగరము చేప కడుపులో దొరకినప్పుడు, బెస్తవానికి దాని వెలకు సమానమగు బహుమానము ముట్టినది. వెల ప్రస్తావన అక్కడనే వచ్చును. ఆ సందర్భముననే నగరరక్షకాధికారి, ప్రభువు మనస్సును కదల్చినది రత్నముయొక్క విలువ గాదనియు, దానిని చూడఁగనే ప్రియజనము స్మరణకు వచ్చుటయే యనియు నూహించును. ఒక రక్షకాధికారికిఁ దెలిసిన యీ రహస్యము మనకు మఱపునకు వచ్చుట శోచనీయము.

ఇఁక వజ్రపుటుంగరమును గూర్చి యొక మాట. నేఁడు మన పట్టణములలోని యువకులు వజ్రము లేనిదే నిశ్చితార్థము నిండుగాదని భావించుచున్నారు. వజ్రము మనకుఁ బరాయిది కాదు. 18వ శతాబ్దపు తొలిభాగమున బ్రెజిలు గనులు బయలుపడువఱకు లోకములోని వజ్రములు దాదాపుగా మన దేశమునుండియే పోయినవి. గోలకొండ వజ్రములని పేరుపొందినవానిలో పెక్కులు కృష్ణాతీరమునఁ గొల్లూరు మొదలగు చోట్ల దొరకినవి. 17వ శతాబ్దమున నచ్చటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుఁడు టావెర్నియే, కొల్లూరులో దాదాపు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. తవ్వువారి కూలి మిక్కిలి స్వల్పమనియు ఆతని వ్రాఁతలవలననే తెలియుచున్నది. ఆ కొల్లూరు నేఁడు పులిచింతల జలాశయపు నీళ్లలో మునిఁగియున్నది. గమనింపుఁడు: వజ్రములు పుట్టిన యీ నేలమీఁదనే మన తాతముత్తాతల వివాహములు వజ్రపుటుంగరము లేకయే జరిగినవి, ఏ సంసారమును అందువలనఁ జెడలేదు.

మఱి వజ్రము లేనిదే మాట నిలువదను నమ్మకమెట్లు కలిగినది? 1867 తరువాత దక్షిణాఫ్రికాలో వజ్రములు విస్తారముగా దొరకసాగినవి. 1888లో స్థాపింపఁబడిన డి బీర్స్ సంస్థ ఆ వ్యాపారమును తన చేతిలోనికిఁ దెచ్చుకొన్నది. ఆ సంస్థ 1938లో అమెరికాలోని ఎన్. డబ్ల్యు. అయర్ అను ప్రకటనల సంస్థను కుదుర్చుకొన్నది. వజ్రము శాశ్వతమను సుప్రసిద్ధమైన ప్రకటనవాక్యమును 1947లో ఆ సంస్థలోని ఫ్రాన్సెస్ గెరెటీ యను స్త్రీ వ్రాసినది. పిమ్మట 1980 ప్రాంతపు దశకములో, ఉంగరమునకు రెండు నెలల జీతము వెచ్చించుట తగునని అమెరికాలోఁ బ్రకటించిరి. జపానులో మూఁడు నెలల జీతమని చాటించిరి. ఒకటే రాయి, ఒకటే వర్తకము. కాని యొక దేశమున రెండు నెలలు, వేఱొక దేశమున మూఁడు నెలలు! ప్రేమకు నిజముగా నొక కొలత యున్నచో అది సముద్రము దాఁటఁగనే మాఱునా? అది ప్రేమకుఁ గొలత గాదు; కొనువాని సంచికిఁ గొలత. ఆ కొలతనే నేఁడు మన యువకులు శాస్త్రవాక్యమువలెఁ జెప్పుకొనుచున్నారు.

ఎక్కువ వెచ్చించిన కాఁపురము ఎక్కువకాలము నిలుచునా? 2014లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయపు ఆర్థికశాస్త్రజ్ఞులగు ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియలాన్ అనువారు వివాహమాడిన 3,000 మందికిఁ బైగా ప్రశ్నించి చూచిరి. ఉంగరమునకు 500 మొదలు 2,000 డాలర్లవఱకు వెచ్చించిన పురుషులకంటె, 2,000 మొదలు 4,000 డాలర్లవఱకు వెచ్చించినవారియందు విడాకుల సంభవము 1.3 రెట్లుగాఁ గనఁబడినది. ఉంగరమే విడాకులకుఁ గారణమని దీని యర్థము గాదు. కాని వెల హెచ్చిన బంధము గట్టిపడునను వర్తకుని మాటకు ఇందు ఆధారమేమియు లేదని మాత్రము స్పష్టము.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన లెక్కను దాఁపరికము లేక చెప్పెదను. 22 క్యారెట్ల బంగారమనఁగా నూటికి 91.6 పాళ్లు మేలిమి. 18 క్యారెట్లనఁగా 75 పాళ్లు. 14 క్యారెట్లనఁగా 58.5 పాళ్లు. తులమనఁగా పూర్వము 11.66 గ్రాములు, నేఁడు పెక్కు అంగళ్లలో 10 గ్రాములనే తులమనుచున్నారు. కావున తులములలోఁ గాక గ్రాములలో మాటలాడుకొనుఁడు. 4 గ్రాముల ఉంగరమునకు తరుగు, మజూరి కలిపి నూటికి 15 వంతున వేసినారనుకొందము. అప్పుడు మీరు 4.6 గ్రాముల వెల చెల్లింతురు. దానిపై నూటికి 3 చొప్పున జి.ఎస్.టి. చేరఁగా దాదాపు 4.74 గ్రాముల వెల యగును. ఆ యుంగరమును మఱునాఁడే యమ్మఁబోయినచో మీకు ముట్టునది హెచ్చుగా 4 గ్రాముల వెల. అనఁగా ముప్పాతిక గ్రాము గాలిలోఁ గలసినది. 8 గ్రాముల ఉంగరమైనచో ఆ నష్టమును రెట్టింపగును. 'బంగారముపైఁ బెట్టినది యెక్కడికిఁ బోవును?' అనుమాట నగ విషయములోఁ బూర్తిగా నిజము గాదని యిందువలన గ్రహింపనగును.

రాళ్లున్న ఉంగరమైనచో మఱింత జాగ్రత్త వలయును. క్యారెట్టనఁగా గ్రాములో అయిదవ వంతు. రాతి తూనికను తీసివేసి బంగారపు తూనికను వేఱుగాఁ జూపుమని యడుగుఁడు. వజ్రమును తిరిగి యమ్మఁబోయిన, కొన్న వెల వచ్చుట మిక్కిలి యరుదు. 1954లో అమెరికాలో యంత్రసాధనములతో వజ్రమును సృజించిరి. అట్టి కృత్రిమ వజ్రమును నిజమగు అంగారస్ఫటికమే; కాని నేఁడు గని వజ్రముకంటె మిక్కిలి చౌకగా దొరకుచున్నది. ఏది కొన్నను తప్పు లేదు. ఏదియో పట్టీలో వ్రాయించుకొనవలయును. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి, హాల్‌మార్కు నిర్బంధమైన జిల్లాలలో నగపై ఆఱక్షరముల హెచ్.యు.ఐ.డి. గుర్తు ఉండితీరవలయును, రెండు గ్రాములకుఁ దక్కువైనవానికి మినహాయింపు గలదు.

ఇఁక అసలు ప్రశ్న: ఎంత వెచ్చింపవలయును? వర్తకుఁడు జీతమును గొలతగాఁ జెప్పెను. నేను మిగులును గొలతగాఁ జెప్పుచున్నాను. నెలకు 30,000 రూపాయలు గడించు యువకుని జూడుఁడు. ఇంటి యద్దె, తిండి, తల్లిదండ్రుల మందులు, పాతబాకీ కంతులు పోఁగా ఆతనికి 6,000 మిగులుననుకొందము. రెండు నెలల జీతమనఁగా 60,000. అది ఆతని పది నెలల మిగులు మొత్తము! అంతయు వ్రేలికిఁ దొడిగిన పిమ్మట క్రొత్త సంసారమును దేనితో నారంభించును? ఆ 60,000లో సగమును కాఁపురము పెట్టుటకు విడిగా నుంచి, తక్కిన సగమును, అనఁగా 30,000 రూపాయలను, ఉంగరమునకు గరిష్ఠపరిమితిగా నెంచుకొనవలయును. ఇది మేర యే కాని విధి గాదు. అంతకుఁ దగ్గించినను గౌరవమునకు లోపము లేదు. మిగులే లేనివాఁడు తల్లి యిచ్చిన పాత యుంగరమును సరిచేయించి తొడుగవచ్చును. అదియును లేనిచో తాంబూలములు చాలును.

అప్పు చేసి ఉంగరము కొనరాదనునది నా రెండవ మాట. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చినచో ఏఁడాదికి 24,000, మూఁడేండ్లకు 72,000 వడ్డీయే యగును. అసలు అట్లే యుండును. ఆ వడ్డీని కట్టునది వరుఁడొక్కఁడే కాదు. ఏ వధువు సంతోషమునకై ఆ యుంగరము కొనఁబడినదో ఆ వధువును కట్టవలసియుండును. కావుననే మూఁడవ మాట చెప్పుచున్నాను: అమ్మాయి నడుగుఁడు. వధూవరులిరువురును తమ రాఁబడిని, బాకీలను దాఁపక చెప్పుకొని ఉంగరముల వెలను కలసి నిర్ణయించుకొనవలయును. సంసారములో వారు కలసి వ్రాయఁబోవు లెక్కలలో నిదియే మొదటి పద్దు. ఆ పద్దునందే దాఁపరికమున్నచో తక్కిన పుస్తకమెట్లుండునో యూహించుకొనుఁడు.

వరునకు ఉంగరము పెట్టు విషయమున వధువు తల్లిదండ్రులకు స్వేచ్ఛ యుండవలయును. 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము అడుగకయే యిచ్చిన కానుకలను మన్నించుచున్నది. కాని యవి యాచారసిద్ధమైనవై, ఇచ్చువారి యార్థికస్థితికి మించనివై, పట్టికలో వ్రాయఁబడినవై యుండవలయునని విధించినది. ఇచ్చువాని స్థితి యని చట్టము చెప్పినదే కాని, పుచ్చుకొనువాని హోదా యని చెప్పలేదు. కట్నము నడుగుటయే ఆఱు నెలలకుఁ దక్కువ గాకుండ రెండేండ్లవఱకు కారాగారశిక్షకుఁ దగిన నేరము. 'మాకేమియు వలదు గాని, తులమునకుఁ దక్కువ గాకుండ' అను మాట యెంత మెత్తగా నున్నను అది యడుగుటయే.

నా మిత్రుని హెచ్చరికకు ఇప్పుడు బదులు చెప్పెదను. బరువు తగ్గినచో మన కుంపట్లు చల్లారవా? తూనికనుబట్టి మజూరి పుచ్చుకొన్నంతకాలము మనకుఁ గొంత నష్టము తప్పదు. ఈ సత్యమును దాఁచి మీకు ధర్మబోధ చేయను. మన పెద్దలు ఇంతకంటెఁ గష్టకాలమును జూచినారు. 1963 జనవరిలో బంగారు నియంత్రణపు నిబంధనలు వచ్చి, 14 క్యారెట్లకు మించిన నగలు చేయరాదనఁగా వేలకొలఁది స్వర్ణకార కుటుంబములు వీధిపాలైనవి. 1968లో వచ్చిన నియంత్రణచట్టము 1990లోఁ గాని రద్దు గాలేదు. నాఁడు జనులు చీదరించుకొన్న 14 క్యారెట్ల బంగారమునే నేఁడు వజ్రపుటుంగరములలో ఇష్టముతోఁ గొనుచున్నారు. నిన్నటి చులకన నేఁటి ముచ్చట యగుటకు బంగారము మాఱలేదు, కన్ను మాఱినది. అట్లే మితమైన ఉంగరమును ముచ్చటగాఁ జూచు కన్నును మనము కలిగింపవచ్చును. తూనికనుబట్టి గాక పనినిబట్టి మజూరి పుచ్చుకొనుట నేర్తము. లోపలివైపున ఇరువురి పేర్లును, తాంబూలముల తేదీయుఁ జెక్కి యిత్తము. మూఁడు గ్రాములలోనే వంగకుండ, రాయి యూడకుండ, కనులపండువుగాఁ జేయుట యంత్రముకంటె మన వ్రేళ్లకు బాగుగాఁ దెలియును. అప్పులపాలైన కుటుంబము మరల మన యంగడికి నగ చేయించుటకు రాదు, కరఁగించుటకే వచ్చును.

కావున ఈ మహాసభవారి యెదుట మూఁడు ప్రార్థనలుంచుచున్నాను. మొదటిది: మన కులములో నిశ్చితార్థపుటుంగరముల తూనికను గాని వెలను గాని యెదుటి పక్షమువారు అడుగరాదు, సభలోఁ బ్రకటింపరాదు. రెండవది: ఆ యుంగరములకై యెవ్వరును అప్పు చేయరాదు, అప్పు చేయువానికి బంధువులు ప్రోత్సాహ మీయరాదు. మూఁడవది మన స్వర్ణకార సోదరులకు: ఎవరైన భార్య మెడలోని గొలుసును తెచ్చి ఉంగరము చేయుమన్నచో కుంపటి రాఁజేయకమునుపు, 'అయ్యా, ఇది మీ యిష్టముతోఁ జేయించుచున్నారా, ఒకరు కోరఁగాఁ జేయించుచున్నారా?' అని యొక్క ప్రశ్న యడుగుఁడు. బేరము పోయినను పోనిండు. నేను నాఁ డడుగలేదు. మీరు అడుగుఁడు.

తక్కెడ తరతరములుగా మన చేతిలో నున్నది. లోకమునకు బంగారమును తూచి యిచ్చినవారము, ఏది యెంత తగునో తూచి చెప్పుటకు వెనుదీయరాదు. నా మాటలలో దోషములున్నచో పెద్దలు మన్నింతురుగాక. విశ్వకర్మ భగవానుఁడు మన యిండ్లలో నిశ్చయింపఁబడు ప్రతి సంబంధమును ఋణరహితముగను, సుఖప్రదముగను వర్ధిల్లఁజేయుఁగాక యని ప్రార్థించుచున్నాను.